రోజీ కట్టిన వేషం

నటన అంటే పరకాయ ప్రవేశం అంటాం. మరి ఎవరి కాయంలోకి ఎవరు ప్రవేశించాలో కూడా లోకమే తేలుస్తుందా?

మలయాళంలో తొలి సినిమా 'విగతకుమారన్'. జె.సి. డేనియల్ తీసిన మూకీ. 1928లో విడుదలైందనేవాళ్లూ ఉన్నారు, కాదు 1930లో అనేవాళ్లూ ఉన్నారు. అందులో సరోజిని అనే అగ్రకుల నాయర్ యువతి వేషం వేసింది పి.కె. రోజీ. దళిత కుటుంబంలో పుట్టింది. అంతకుముందు కాక్కారిశి నాటకాలాడేది. ఆ నాటకాల్లో శివపార్వతులు సోది చెప్పుకుంటూ తిరిగే సంచారుల్లా భూమ్మీదికి వస్తారు. దేవుళ్లు కిందికి దిగితే జనం చప్పట్లు కొట్టారు. రోజీ పైకెక్కేసరికి రాళ్లందుకున్నారు.

తిరువనంతపురం క్యాపిటల్ థియేటర్లో తొలి ఆట. తెరమీద హీరో ఆమె తలలోని పువ్వును ముద్దు పెట్టుకున్నాడు. గొడవ అక్కడే రాజుకుందంటారు. కాస్త ఆలోచించండి: అది మూకీ. గొంతు లేదు, యాస లేదు. వెలుగునీడల బొమ్మలో కులం ఎక్కడ కనబడుతుంది? చూడ్డానికొచ్చినవాళ్లు దాన్ని ఇంటిదగ్గర్నుంచే వెంట తెచ్చుకున్నారు.

ఇంచుమించు ఆ కాలంలోనే మన దగ్గర స్థానం నరసింహారావు సత్యభామగా రంగమెక్కితే, మగవాడని తెలిసి కూడా జనం మురిసిపోయారు. 1956లో పద్మశ్రీ వచ్చింది. ఆ కళకు నమస్కారమే. కానీ మగవాణ్ని సత్యభామ అని నమ్మడం కష్టం కాకపోతే, ఒక స్త్రీని మరో స్త్రీ అని నమ్మడానికి అడ్డొచ్చిందేమిటి? అది కేరళ, ఇది ఆంధ్ర అని తప్పించుకోకండి. మన పౌరాణిక నాటకంలో దళిత స్త్రీ రుక్మిణి వేషం కట్టివుంటే హాలు ఏమయ్యేదో మనకు తెలియదా?

రోజీ ఊరు విడిచి తమిళ ప్రాంతానికి పారిపోయింది. ఒక లారీ డ్రైవర్ని పెళ్లాడి, రాజమ్మాళ్‌గా నాగర్‌కోయిల్ వైపు బతికింది. ఆ డ్రైవరు నాయరే అంటారు. అంటే తెరమీద కొన్ని నిమిషాలు కట్టినందుకు తరిమేసిన వేషాన్నే ఆమె బతుకంతా కట్టింది. ఎవరూ రాయి విసరలేదు, అది వేషమని ఎవరికీ తెలియదు కాబట్టి. దీన్ని గెలుపనాలా? తన పేరు తానే దాచుకుని గెలిచే గెలుపు ఎవరిమీద? నాకైతే అది ఆమె ఓటమిగానూ తోచదు. ఓడింది ఆ హాల్లో కూర్చున్నవాళ్లు. నాటకాన్ని నాటకంగా చూడ్డం కూడా వాళ్లకు చేతకాలేదు.

డేనియల్ కూడా చితికిపోయాడు, మళ్లీ సినిమా తీయలేదు. ఇప్పుడు కేరళ ప్రభుత్వం ఏటా ఆయన పేరిట పురస్కారం ఇస్తోంది. రోజీ పేరిట ఫిల్మ్ సొసైటీ 2019లో వచ్చింది. పెట్టింది ప్రభుత్వం కాదు, మలయాళ సినిమాల్లో పనిచేసే ఆడవాళ్లు.