విరిగినదాన్ని బాగుచేయడమూ ధమ్మమే

 



ఉరుకుంద చుట్టుపక్కల, ఆదోని, ఎమ్మిగనూరు, కౌతాళం, కోసిగి వైపు మన పేటల్లో ఒకసారి నడిచి చూడండి. బాబాసాహెబ్ విగ్రహం ఉంటుంది. కొన్నిచోట్ల పక్కనే ఒక చిన్న భవనం కూడా ఉంటుంది. ఏప్రిల్ 14న తలుపు తీస్తాం, దండ వేస్తాం, మాట్లాడతాం. మర్నాడు తాళం పడుతుంది. లోపల ఎరువుల సంచులు, విరిగిన కుర్చీలు. వానొస్తే కప్పు కారుతుంది. పిల్లలేమో బయట ఎండలో అరుగు మీద కూర్చుంటారు. ఈ రోజు మాట ఆ తాళం గురించే.

బుద్ధ భగవానుడి మహాపరినిర్వాణం తర్వాత మహాకస్సపుడి ఆధ్వర్యంలో 500 మంది భిక్షువులు రాజగృహంలో సమావేశమయ్యారు. ధమ్మాన్ని, వినయాన్ని ఒక్కచోట చేర్చి భద్రపరచడం వాళ్ల పని. అంతకన్నా పెద్ద పని ఏముంటుంది? అయినా ఆ వర్షావాసంలో మొదటి నెల వాళ్లు ఏం చేశారో తెలుసా? పాడుబడిన విహారాలను బాగుచేశారు. విరిగినదాన్ని, శిథిలమైనదాన్ని సరిచేయడాన్ని భగవానుడు మెచ్చుకున్నాడు కదా అని గుర్తు చేసుకొని, ముందు ఆ పని ముగించారు. ఆ తర్వాతే సంగాయనానికి కూర్చున్నారు. అక్కడ వినయాన్ని వినిపించింది ఎవరు? క్షౌరవృత్తిలో పుట్టిన ఉపాలి. ముందు మరమ్మతు, తర్వాత పఠనం. ఈ వరుసను మనం మరిచిపోయాం.

పిల్లలకు ఒక చోటు ఉంటే ఏమవుతుందని అడుగుతారు కొందరు. బాబాసాహెబ్ చిన్నప్పుడు బొంబాయి పరేల్‌లో ఆ కుటుంబమంతా ఒక్క గదిలో ఉండేది. చదువుకోవడానికి ఇంట్లో చోటు లేదు. చర్నీ రోడ్ దగ్గరి తోటకు పోయి చదువుకునేవాడు. అక్కడే కృష్ణాజీ అర్జున్ కేలూస్కర్ అనే గురువు ఆ పిల్లవాణ్ణి గమనించాడు. తర్వాత ఒక అభినందన సభలో, తాను రాసిన బుద్ధుడి జీవిత చరిత్రను కానుకగా ఇచ్చాడు. 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో మొలిచిన చెట్టుకు విత్తనం ఆ పుస్తకంలో ఉంది. ఆ పిల్లవాడికి కూర్చునే చోటే దొరకకపోతే, ఆ గురువు కంట ఎట్లా పడేవాడు?

ఇక మన సంగతి. వాన ముఖం చాటేస్తే మన పడమటి పల్లెల్లో ఇండ్లకు తాళాలు పడతాయి. అమ్మానాన్నలు గుంటూరు వైపు మిరపకోతకు, సుగ్గికి పోతారు. పిల్లల్ని వెంట తీసుకుపోతారు, లేదంటే అవ్వ దగ్గర వదిలిపోతారు. తిరిగొచ్చేసరికి బడిలో పాఠం ముందుకు పోయి ఉంటుంది. పిల్ల సిగ్గుపడి బడి మానేస్తుంది. అట్లాంటి పిల్లకు మొదట కావలసింది మార్కులు కాదు. తప్పు చేసినా ఎవరూ నవ్వని చోటు. నల్లరేగడి మట్టితో ఎద్దును చేసుకునే చోటు. తాను చూసొచ్చిన మిరప చేనును గోడ మీద గీసుకునే చోటు. డప్పు కూడా అక్కడ పెట్టండి. మన పెద్దలు దాన్ని ఎవరో పిలిస్తే, వెట్టికి కొట్టారు. మన పిల్లలు ఇష్టంతో, విద్యగా కొట్టాలి.

అన్నలారా, అక్కలారా, పని మనకు కొత్తదా? ఊళ్లో ఎన్ని మిద్దెలకు మన నెత్తిన మట్టి మోయలేదు? ఎందరి గోడలకు సున్నం కొట్టలేదు? ఒక నాలుగు ఆదివారాలు ఆ చేతులు మన పిల్లలకు ఇద్దాం.

భవనం పంచాయతీదైతే ముందు రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. మొదట కప్పు చూడండి. కారే కప్పు కింద ఎంత మంచి రంగు వేసినా ఒక్క వానకు ఊడిపోతుంది. కరెంటు వైర్లు పని తెలిసినవాళ్లే ముట్టాలి. ఆ తర్వాతే సున్నం. ఒక గోడకు కింద నుంచి నాలుగడుగుల దాకా నల్లరంగు వేయండి, ఐదేళ్ల పిల్లకు అందేలా. పుస్తకాల అర కూడా ఆ ఎత్తులోనే ఉండాలి. నీళ్లు, మరుగుదొడ్డి లేకపోతే ఆడపిల్లలు రారు, అది మరవొద్దు. వచ్చిన ప్రతి రూపాయి లెక్క అందరికీ కనిపించేలా రాసిపెట్టండి. దాత పేరు మాత్రం గోడకెక్కించొద్దు. తిరిగి ఏమీ ఆశించకుండా ఇచ్చేదే దానం.

మొదటి ఆదివారం ముప్పై మంది వస్తారు. మూడో ఆదివారానికి ఐదుగురు మిగులుతారు. అప్పుడే మన ధమ్మానికి పరీక్ష. చేపట్టిన పని నుంచి వెనక్కి తిరగకపోవడమే వీర్య పారమి అని బాబాసాహెబ్ మనకు చెప్పాడు. ఆ ఐదుగురిలో మీరుండండి.

ఇంకొక్క మాట. తాళంచెవి ఒక్క పెద్దమనిషి జేబులో ఉండకూడదు, ఇద్దరు అక్కల దగ్గర ఉండాలి. తలుపు మాల పిల్లలకు, మాదిగ పిల్లలకు, బోయ పిల్లలకు, ముస్లిం పిల్లలకు ఒక్కతీరుగా తెరవాలి. శ్రావణంలో ఈరన్నకు మొక్కే ఇంటి పిల్ల వచ్చినా చాప వేసి కూర్చోబెట్టండి. మన 22 ప్రతిజ్ఞలు మనకోసం, ఆ పిల్లను గడప దగ్గర ఆపడానికి కాదు. గడప బయట నిలబడడం ఎట్లా ఉంటుందో మనకంటే ఎవరికి తెలుసు?

పని ముగిశాక పిల్లల్ని పత్తికొండ దాటి ఎర్రగుడికి తీసుకుపోండి. అక్కడి బండల మీద అశోకుడి శాసనాలున్నాయి. అమ్మానాన్నల మాట వినాలని, ప్రాణుల మీద దయ చూపాలని, నిజం పలకాలని 2,200 ఏళ్లకు పైగా అవి చెబుతూనే ఉన్నాయి. ఒకచోట వరుసలు ఎడమ నుంచి కుడికి ఒకటి, కుడి నుంచి ఎడమకు ఒకటి నడుస్తాయి. అది చూసి పిల్లలు నవ్వుతారు, నవ్వనివ్వండి. తిరిగొచ్చి మన నల్లగోడ మీద వాళ్ల రాత వాళ్లు రాసుకుంటారు.

వచ్చే ఆదివారం పొద్దున పార, చీపురు పట్టుకొని బయల్దేరండి. త్రిసరణం, పంచశీల చెప్పుకొని తాళం తీయండి.

భవతు సబ్బ మంగళం. సాధు! సాధు! సాధు!