ఖడ్గము ఎవరి చేతిలో ఉన్నది?



రాజుల మొదటి గ్రంథము మూడవ అధ్యాయములోని సంఘటన మనకందరికీ తెలిసినదే. ఒకే బిడ్డను నా బిడ్డంటే నా బిడ్డని ఇద్దరు స్త్రీలు సొలోమోను రాజు ఎదుట వాదించుకున్నారు. రాజు ఖడ్గము తెప్పించి, బిడ్డను చెరిసగము చేయమన్నాడు. బిడ్డ బ్రతికితే చాలు, ఆమెకే ఇచ్చివేయండని మొరపెట్టుకున్న స్త్రీయే కన్నతల్లి అని గుర్తించాడు.

నేటి న్యాయమూర్తి పని సొలోమోను పనికంటే కష్టమైనది. ఆనాడు రాజు ముందు నిలిచిన ఇద్దరిలో ఒకరు అబద్ధమాడారు. నేడు కోర్టు మెట్లెక్కే తల్లీ తండ్రీ ఇద్దరూ నిజమైనవారే. అందుచేత బిడ్డ ఎవరిది అని చట్టము అడగదు. ఎవరి దగ్గర ఉంటే బిడ్డకు మేలు అని అడుగుతుంది.

మన దేశములో 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టము క్రైస్తవులకు కూడా వర్తిస్తుంది. దాని 17వ సెక్షను ప్రకారము కోర్టు బిడ్డ వయస్సును, ఆడబిడ్డా మగబిడ్డా అనే సంగతిని, బిడ్డ మతమును, సంరక్షణ కోరేవారి నడవడిని, సమర్థతను, రక్తసంబంధమును చూస్తుంది. ఊహ తెలిసిన బిడ్డ అయితే వాని ఇష్టమును కూడా తెలుసుకోవచ్చు. క్రైస్తవ దంపతుల విడాకుల కేసు నడుస్తుండగా పిల్లలు ఎవరివద్ద ఉండాలి, వారి పోషణ, చదువు ఎట్లా అనే విషయములపై 1869 నాటి విడాకుల చట్టము 43వ సెక్షను క్రింద కోర్టు తాత్కాలిక ఉత్తర్వులు ఇవ్వవచ్చు. పోషణ, చదువు ఖర్చుల దరఖాస్తును నోటీసు అందిన 60 రోజులలో వీలైనంతవరకు తేల్చాలని 2001లో సవరణ చేశారు. పసిబిడ్డను సాధారణముగా తల్లివద్దనే ఉంచుతారు. అయితే అది తిరుగులేని నియమము కాదు. జీతము ఎక్కువని తండ్రికో, కన్నతల్లి కదా అని తల్లికో కళ్లు మూసుకొని అప్పగించరు.

1973లో ఒక క్రైస్తవ దంపతుల కేసులో సుప్రీంకోర్టు, పిల్లలు తల్లిదండ్రుల సొత్తు కారు, ఆటబొమ్మలూ కారు అని స్పష్టము చేసింది. సంరక్షణ ఉత్తర్వు శిలాశాసనము కాదనీ, బిడ్డ అవసరములను బట్టి మార్చవచ్చనీ చెప్పింది. 2020లో మరొక తీర్పులో, ఇద్దరి ప్రేమనూ పొందే హక్కు బిడ్డకు ఉన్నదని చెప్పింది. దూరాన ఉన్నవారికి ఫోనులోనో, వీడియో కాల్‌లోనో బిడ్డతో మాట్లాడే అవకాశము ఉండాలన్నది.

శ్రీసభ బోధ కూడా ఇదే. దంపతులు విడిగా ఉండవలసి వచ్చినా పిల్లల పోషణకు, విద్యాబుద్ధులకు తగిన ఏర్పాటు తప్పక చేయాలని శ్రీసభ చట్టము 1154వ సూత్రము ఆదేశిస్తుంది. దివంగత ఫ్రాన్సిస్ పాపుగారు 2016లో వెలువరించిన 'అమోరిస్ లెతీసియా'లో, విడిపోయిన తల్లిదండ్రులు తమ బిడ్డలను బందీలుగా పట్టుకోవద్దని వేడుకొన్నారు.

సొలోమోను తన ఖడ్గమును దింపించాడు. మరి నేడు ఆ ఖడ్గము ఎవరి చేతిలో ఉన్నది? ఉత్తర్వు ప్రకారము ఆదివారము తండ్రి వచ్చేసరికి బిడ్డకు జ్వరమని అబద్ధము చెప్పి తలుపు వేసే తల్లి చేతిలో ఉన్నది. భార్యమీద కోపముతో బిడ్డ ఫీజు ఆపివేసే తండ్రి చేతిలో ఉన్నది. "జడ్జిగారు అడిగితే అమ్మ కొడుతుందని చెప్పు, సైకిలు కొనిపెడతాను" అని నేర్పే నాయనమ్మ చేతిలో ఉన్నది. "మీ నాన్న సంగతి మాకు తెలియదా" అని బిడ్డ వినేటట్లు మాట్లాడే మేనమామ చేతిలో ఉన్నది. ఆ బిడ్డ సగము అమ్మ, సగము నాన్న. ఒకరిని దూషించినప్పుడెల్లా బిడ్డలో సగభాగమును నరుకుతున్నాము.

ఒక్క మాట మరువరాదు. తాగుడు, దెబ్బలు, దౌర్జన్యము ఉన్న చోట బిడ్డను కాపాడుకొనుట పంతము కాదు, తల్లిదండ్రుల ధర్మము. ఆ సంగతిని దాచక కోర్టుకు చెప్పాలి. బిడ్డకు ప్రమాదమని తోస్తే, మరొకరి సమక్షములోనే కలుసుకోవాలని కోర్టు షరతు పెట్టగలదు, కలయికను నిలిపివేయనూగలదు.

మిగిలినవారికి నా మనవి ఇది. కోర్టు ఉత్తర్వును మనస్ఫూర్తిగా పాటించండి. నెలనెలా డబ్బు అడిగించుకోకుండా పంపండి. బిడ్డ మొదటి సత్ప్రసాదమునాడు ఇద్దరూ దేవాలయమునకు రండి. ఒకే బల్లమీద కూర్చోలేకపోయినా, బిడ్డ తల తిప్పి చూసినప్పుడు ఇద్దరూ కనిపించాలి. విచారణలోని పెద్దలు ఎవరి పక్షమూ వహించక బిడ్డ పక్షము వహించండి. సత్యోపదేశము తరగతిలో ఆ బిడ్డను నలుగురిలో ప్రశ్నించి బాధపెట్టకండి.

భార్యాభర్తలుగా మీరు ఓడిపోయి ఉండవచ్చు. తల్లిగా, తండ్రిగా దేవుడు మీకు అప్పగించిన పని ఇంకా మిగిలే ఉన్నది. నజరేతు తిరుకుటుంబము మీకు తోడుగా ఉండునుగాక.