పుణ్యం ఎవరి ఖాతాలో?

"వికారాబాదు, తాండూరు వాళ్లకి సముద్రం గొడవెందుకండీ?" అంటారేమో. కందిచేలూ, నాపరాతి గనులూ తప్ప కెరటమన్నది కనిపించని చోటు మరి! కాని అనంతగిరి కొండల్లో పుట్టిన మూసీ తూర్పుకి పరుగెడుతుంది. తాండూరు కాగ్నా పడమటి దారి పట్టి, కర్ణాటకలో భీమానదిని కలుసుకుంటుంది. అలిగిన అక్కచెల్లెళ్లలా చెరోవైపూ వెళ్లినా, చివరికి ఇద్దరూ చేరేది కృష్ణమ్మ ఒడికే; అక్కణ్ణించి సముద్రానికే. వానాకాలంలో వాగు పొంగితే, నడిసముద్రంలో వచ్చే ప్రశ్నే ఇక్కడా వస్తుంది. కొట్టుకుపోయే మనిషిని ఎవరు పట్టుకోవాలి?

"ఎవరైతేనేం, ముందు పట్టుకోవాలి" అంటాం. నిజమే. కాని పెళ్లింటి వంట సంగతి చూడండి. సాయానికొచ్చిన ప్రతి ఇల్లాలూ వెళుతూ వెళుతూ చారులో చారెడు ఉప్పేస్తే? అందరిదీ మంచి మనసే. చారు మాత్రం నోట పెట్టలేం! ఆపదలోనూ అంతే. ఈత వచ్చిన కుర్రాడు ఒక పక్కనించి దూకి, అగ్నిమాపక దళం వాళ్లు ఇంకో పక్కనించి తాడు విసిరి, పోలీసులు ఒడ్డునించి వేరే కేకలేస్తే, ఒకరిని తీసేలోగా మరొకరు మునుగుతారు.

బ్రిటన్‌లో 1824లో పుట్టిన లైఫ్‌బోట్ సంస్థ ఒకటుంది. తుఫానులో పడవ వేసుకుని వెళ్లేవాళ్లలో ఎక్కువమంది స్వచ్ఛందంగా వచ్చినవాళ్లే. అయినా "మా ప్రాణం, మా ఇష్టం" అనరు. ఆపద కబురు అందుకుని, ఎవరు బయల్దేరాలో చూసేది అక్కడి కోస్ట్‌గార్డ్. పడవ ఒకరిది, పిలుపు ఒకరిది, ఒడ్డున అంబులెన్సు మరొకరిది. మన సముద్రం మీదా ఈ పనుల్ని కూడగట్టేది, 1978 చట్టంతో స్థిరపడ్డ తీర రక్షక దళమే. కాని మునిగే పడవ దగ్గరికి ముందు చేరేది ఒక్కోసారి పక్కన వల వేసుకుంటున్న జాలరి.

2018లో కేరళ వరదలప్పుడు జాలర్లు తమ పడవల్ని లారీల కెక్కించి, సముద్రం లేని ఊళ్లకి తీసుకెళ్లారు. మలప్పురం జిల్లాలో ఒక జాలరి నీళ్లలో వంగి, తన వీపునే మెట్టుగా ఇచ్చాడు. ఆడవాళ్లు దానిమీద అడుగేసి జాతీయ విపత్తు దళం వారి రబ్బరు పడవ ఎక్కారు. పడవ ప్రభుత్వానిది, మెట్టు అతనిది. మరి పుణ్యం ఎవరి ఖాతాలో వెయ్యాలి?

దూకడానికి ధైర్యం కావాలి, కాదనను. కాని "ఆగు" అంటే ఆగడానికి అంతకన్న పెద్ద మనసు కావాలి. ఇది రెండువైపులా ఉండాలి సుమండీ! దళానికి యంత్రం ఉంది. జాలరికి నీటి వాలు తెలుసు. యూనిఫారం వేసుకున్నవాళ్లు జాలరి మాట వినాలి, జాలరి వాళ్ల మాట వినాలి. "నేను రక్షించాను" అనిపించుకోవాలనే ఆశ మన మంచితనంలో ఎంత కలిసిందో అప్పుడే బయటపడుతుంది.

రేపు వాగు ఒడ్డున మన అబ్బాయే ఉంటే ఏం చెబుతాం? "నీకెందుకురా, వచ్చెయ్" అనడం తప్పు. "దూకెయ్" అనడం ఇంకా తప్పు. "112కి ఫోన్ చెయ్యి, తాడు తే, నలుగుర్నీ పిలు, వచ్చినవాళ్లు చెప్పినట్టు విను" అందాం. మునిగేవాడు చెయ్యి కోసం చూస్తాడు గాని, ఆ చెయ్యి ఏ శాఖదని అడగడు గదా!