రచ్చబండ మాట, రచ్చకెక్కిన మాట: సామాజిక మాధ్యమాల ఆధారంగా సాగే పరిశోధనలో ఒక నైతిక ప్రశ్న

రచ్చబండ అనే మాటలోనూ, రచ్చకెక్కడం అనే నుడికారంలోనూ ఉన్న రచ్చ ఒకటే. అర్థంలో మాత్రం ఎంతో దూరం ఉంది. రచ్చబండ మీద కూర్చున్నవాడు నలుగురి ఎదుటే మాట్లాడతాడు. ఆ నలుగురు ఎవరో అతనికి తెలుసు. అదే మాట ఊరు దాటి, అన్నవాడికి తెలియని చోట, తెలియనివారి నోట నలిగితే అది రచ్చకెక్కినట్టు. రెండూ బహిరంగమే. మొదటి బహిరంగతను మనిషి ఎంచుకున్నాడు, రెండవది అతని నెత్తిన పడింది. ఫేస్‌బుక్ రాతల నుంచి, యూట్యూబ్ వ్యాఖ్యల నుంచి, వాట్సాప్ సమూహాల నుంచి సామగ్రి సేకరించే పరిశోధకుడు ఈ రెండింటి మధ్య గీత ఎక్కడ గీయాలన్నదే ఇక్కడి చర్చనీయాంశం.

బహిరంగంగా కనిపిస్తున్నదానికి అనుమతి ఎందుకన్నది తరచుగా వినవచ్చే సమాధానం. చట్టం కూడా చాలావరకు ఇదే వైపు నిలుస్తుంది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం, వ్యక్తి తానుగా బహిరంగపరచిన సమాచారాన్ని తన పరిధి నుంచి మినహాయించింది. తన అభిప్రాయాలు రాస్తూ సామాజిక మాధ్యమంలో సొంత వివరాలు బయటపెట్టిన వ్యక్తినే అందుకు ఉదాహరణగా చూపింది. అయితే చట్టం శిక్షించనిదంతా పరిశోధకుడు చేయదగినదే అనుకోవడం తర్కదోషం. పరిశోధనా నీతి మొదలయ్యేదే చట్టం ఆగిన చోట.

బహిరంగమన్న మాట ఎంత జారుడుదో హార్వర్డ్ ఉదంతం చూపుతుంది. అక్కడి సామాజిక శాస్త్రవేత్తలు ఒకే తరగతికి చెందిన 1,640 మంది విద్యార్థుల ఫేస్‌బుక్ వివరాలను 2006 నుంచి సేకరించి, పేర్లు తొలగించి, 2008లో ఇతర పరిశోధకుల వినియోగానికి విడుదల చేశారు. కళాశాల పేరు చెప్పలేదు. కానీ సామగ్రికి తోడుగా ఇచ్చిన వివరణ పత్రంలో విద్యార్థుల సంఖ్య, ఆ సంస్థకే ప్రత్యేకమైన పాఠ్యవిభాగాల పేర్లు ఉన్నాయి. అసలు సామగ్రిని తెరవకుండానే, ఆ పత్రంతోనే కళాశాల ఏదో కొద్ది రోజుల్లో బయటపడింది. ఒకే విద్యార్థి వచ్చిన రాష్ట్రాలు, దేశాలు అందులో ఉన్నప్పుడు పేరు తీసేయడం వల్ల ఒరిగేదేమిటి? 2010లో ఈ ఉదంతాన్ని విశ్లేషించిన మైకేల్ జిమ్మర్ ఇంకా సూక్ష్మమైన విషయం ఎత్తిచూపారు. వివరాలు సేకరించిన సహాయకులు అదే విశ్వవిద్యాలయపు వలయంలోని వారు. ఆ వలయం లోపలివారికే కనపడేలా ఒక విద్యార్థి అమర్చుకున్న వివరం కూడా వారికి కనపడి ఉండవచ్చు. కనపడింది కనుక బహిరంగమే అన్న వాదం, ఎవరికి కనపడింది అన్న ప్రశ్న దగ్గర కూలిపోతుంది.

దీనితో కలిపి చెప్పే మరో ఉదాహరణ, 2012 జనవరిలో ఒక వారంపాటు 6,89,003 మంది ఫేస్‌బుక్ వినియోగదారుల మీద జరిగిన భావోద్వేగ ప్రయోగం. దాని ఫలితాలు 2014లో వెలువడి పెద్ద దుమారం రేపాయి. కానీ అది వేరే కోవకు చెందినది. అక్కడ పరిశోధకులు ఉన్న మాటను ఏరుకోలేదు, మనుషులకు ఏ మాటలు కనపడాలో వారే మార్చారు. తెలుగు శాఖల పరిశోధనలో అలాంటి జోక్యానికి అవకాశం స్వల్పం. ఇక్కడి చిక్కు వేరు.

సమాచారం ఏ సందర్భపు మర్యాదలకు లోబడి పలికిందో ఆ సందర్భం దాటినప్పుడు హాని మొదలవుతుందని హెలెన్ నిస్సెన్‌బామ్ 2004లో ప్రతిపాదించారు. రచ్చబండ ఎరిగిన సమాజానికి ఇది కొత్త సిద్ధాంతమేమీ కాదు. దీన్ని తెలుగు పరిశోధనకు అన్వయిస్తే ముందుగా తట్టేది భాష. తెలంగాణకు చెందిన ఒక స్త్రీ తన అత్తవారింటి కష్టం చెప్పుకుంటూ "గిట్లనే బతుకుతున్న" అని రాసిందనుకుందాం. సర్వే చేసే శాస్త్రవేత్తకు ఇందులో కావలసింది ఫిర్యాదు ఒక్కటే. దాన్ని తన మాటల్లో చెప్పుకోగలడు. భాషా పరిశోధకుడికి కావలసినవి ఆ "గిట్ల", చివర "ను" లేని ఆ క్రియ. వాటిని "ఇలాగే బతుకుతున్నాను" అని మార్చిన మరుక్షణం ఆధారం మాయమవుతుంది. మార్చకపోతే, ఆ వాక్యాన్ని వెతుకుడు పెట్టెలో వేసిన ఎవరైనా ఆమె గోడ దగ్గరకు చేరవచ్చు, ఆ అత్తవారితో సహా. పేరు దాచడం ఇక్కడ పనికిరాని రక్షణ. ఆమె మాటే ఆమె చిరునామా.

ఈ చిక్కుకు అనెట్ మార్కమ్ 2012లో ఒక ఉపాయం సూచించారు. అనేకుల మాటలను కలిపి, ఎవరిదీ కాని ఒక కల్పిత కథనంగా ఇవ్వడం. సమాజశాస్త్రంలో దీనికి చోటు ఉండవచ్చు. మాండలికాన్ని అధ్యయనం చేసేవాడు పదాలను తానే కల్పించి ఆధారంగా చూపితే అది పరిశోధన అనిపించుకోదు. కనుక తెలుగు పరిశోధకుడికి మిగిలే దారులు తక్కువ. అడిగి వాడుకోవాలి, లేదా వదులుకోవాలి. వేలాది మందిని అడగడం సాధ్యమా అన్న అభ్యంతరం లెక్కకూ ఉటంకింపుకూ తేడా చూడకపోవడం వల్ల వచ్చేది. పదివేల వ్యాఖ్యల్లో "గిట్ల" ఎన్నిసార్లు వచ్చిందో లెక్కించి ఆ లెక్క ఒక్కటే ప్రకటిస్తే ఒక్క మనిషీ బయటపడడు. ఉటంకించే వాక్యాలు ఏ ఇరవయ్యో ముప్ఫయ్యో. అంతమందిని అడగడానికి తీరిక లేదనడం సాకే.

అయితే దాచడమే ఎల్లప్పుడూ ధర్మం కాదు. తొలితరం జానపద సంకలనాలలో చాలాచోట్ల పాట కనిపిస్తుంది, పాడిన మనిషి పేరు కనిపించదు. అక్కడ జరిగిన అన్యాయం బయటపెట్టడం వల్ల కాదు, పేరు చెప్పకపోవడం వల్ల. నేడు ఫేస్‌బుక్‌లో కవిత రాసేవారి విషయంలోనూ ఇదే. అంతర్జాలంలో సృజన చేసేవారిని పరిశోధన పాత్రులుగా చూడాలా, రచయితలుగా చూడాలా అని ఏమీ బ్రక్‌మన్ 2002లోనే అడిగారు. కవితకు పేరు ఇవ్వకపోతే చౌర్యం, వేదనకు పేరు ఇస్తే ద్రోహం. స్త్రీవాద, దళిత కవిత్వాలు చదివినవారికి తెలుసు, ఆ రెండూ తరచు ఒకే రచనలో ఉంటాయి. అది ఏదన్నది పరిశోధకుడు తేల్చలేడు, రాసినవారే చెప్పగలరు. అడగవలసిన అసలు కారణం ఇదే.

ఇదంతా ఇప్పుడు మరింత బరువైన ప్రశ్న కావడానికి ఒక కారణం గ్రంథాలయాల్లో వచ్చిన మార్పు. ఒకప్పుడు సిద్ధాంతగ్రంథం విశ్వవిద్యాలయం అలమరలో ఉండేది, చదివేవారు పదిమంది. నేడు యూజీసీ నిబంధనల ప్రకారం దాని ఎలక్ట్రానిక్ ప్రతి ఇన్‌ఫ్లిబ్‌నెట్‌కు చేరి, శోధ్‌గంగలో అందరికీ అందుతుంది. పాత అను ఖతులలో కూర్చిన గ్రంథాలు అంతర్జాల వెతుకులాటకు సులభంగా చిక్కవు. యూనికోడ్‌లో కూర్చినవి చిక్కుతాయి. రాసిన మనిషి తన రాతను తొలగించుకున్నా, ఉటంకింపు అక్కడ మిగిలే ఉంటుంది. అయినా ఆధారం కావాలన్న న్యాయమైన కోరికతోనే పరీక్షకులు తెరచిత్రాలను అనుబంధంలో చేర్చమంటున్నారు, పేరు, ముఖచిత్రం, తేదీలతో సహా. ఆ అనుబంధాన్ని పర్యవేక్షకుని వద్ద ఉంచి, మౌఖిక పరీక్ష రోజున పరీక్షకులకు చూపించి, శోధ్‌గంగకు వెళ్లే ప్రతి నుంచి తీసివేయడానికి శాఖలకు అడ్డమేమీ లేదు. అలా తీసివేసిన చోట ఎందుకు తీశారో చెప్పే ఒక వాక్యం ఉంటే చాలు.