ఖాళీ వల బరువు

మన అనంతపురము సీమలో సాలీనా కురియునది సుమారు 550 మిల్లీమీటర్ల వాన. కరవు సాలున అదియు లేదు. వేసవిలో చెరువునీరు నడిమికి ముడుచుకొనగా, బెస్తవారు బీటలువారిన నేలమీదుగా పుట్టిని, వలలను మోసుకొని పోవలెను. చేప పడకున్నను ఆ మోత తప్పదు. తడిసిన వల తిరుగుదారిలో మరింత బరువు.

లూకా 5వ అధ్యాయములో వలలు నిండినప్పుడు, సైగ చేయగా పాలివారు వచ్చిరి. నిండిన వలకు చేయివేయుట సుళువు. ఖాళీ వలకు ఎవరు వత్తురు?

గలతీ 6వ అధ్యాయములో పౌలు పరుల భారము పంచుకొమ్మనెను, ఎవరి పాలు వారే మోయవలెననియు చెప్పెను. ఈ రెంటికి వైరము లేదు. మన వల మనమెత్తుకొనుట విధి; పొరుగువాడు తూలినప్పుడు ఒక కొస పట్టుట ప్రేమ.

ప్రియులారా, చేయి వేయుటకు ముందు వాని వలలో చేపలున్నవా యని మనము చూచుచున్నామా?