వినబడని స్వరము



మహబూబాబాదు ప్రాంతమున మేమెరిగిన ఒక పల్లెసంఘములో ఒక యౌవనస్థుడు బేస్ గిటారు నేర్చుకొనుచున్నాడు. మొదట అతడు ఎంచుకొన్నది మన కీర్తన కాదు, "స్టాండ్ బై మి" అను ఇంగ్లీషు పాట. అది 1961లో బెన్ ఇ. కింగ్ గొంతున లోకమునకు వచ్చినది. తరువాత రాక్ గాయకులును దానిని పాడిరి. "లోకపు పాటకు మందిరపు వాద్యమేల?" అని పెద్దలు కొందరు అడిగిరి. అయితే ఫిలడెల్ఫియా బోధకుడైన చార్లెస్ ఆల్బర్ట్ టిండ్లీ 1905లోనే ఇదే పేరుతో ఒక క్రైస్తవ కీర్తన వ్రాసియుండెను. కింగ్ పాట ఒరవడి కూడ నల్లజాతి సంఘముల గానము నుండి వచ్చినదే. ఈ సంగతి విని పెద్దలు ఊరకుండిరి. వారి ప్రశ్నకంటె కష్టమైన ప్రశ్న ఆ చిన్నవాడే తెచ్చెను.

ఆ వాద్యమునకు లావైన తంతులు నాలుగు. ఆ పాటలో దాని పని చూచుటకు స్వల్పమే. నాలుగేసి తాళపు దెబ్బలను ఒక వరుసగా ఎంచినచో, మొదటి రెండు వరుసలు ఎ, తరువాత రెండు ఎఫ్ షార్ప్, ఒకటి డి, ఒకటి ఇ, కడపటి రెండు మరల ఎ. ఎనిమిది వరుసల ఈ చక్రమే పాట ముగియువరకు తిరుగును. వ్రేళ్లు కాయలు కాచువరకు అతడు సాధన చేసెను. తంతిని మ్రోగించుటకంటె మ్రోగినదానిని సకాలమున ఆపుటయే కష్టమని అతడు మాతో చెప్పెను. పిమ్మట అదే నేర్పుతో మన కీర్తనలకు వాయించుట మొదలుపెట్టెను.

మొదటి ఆదివారమున అతని తల్లి ఒంట్లో బాగులేక ఇంటియొద్దనే యుండి, మందిరముమీది మైకులో ఆరాధన వినెను. కుమారుడు ఇంటికి రాగానే, "నువ్వెప్పుడు వాయించినవ్ కొడుకా?" అని అడిగెను. ఆమె తప్పేమియు లేదు. బేస్ గిటారులో అన్నిటికంటె లావైన తంతి సెకనుకు సుమారు 41 మారులు మాత్రమే కంపించును. గరాటు మైకు అంత మంద్రస్వరమును పలికింపజాలదు. పాట ఊరంతయు వినబడెను, అతడు తప్ప.

సాయంకాలము అతడు మాయొద్దకు వచ్చి, "ఎవ్వరికీ ఇనబడకపాయె. గింత కష్టమెందుకయ్యగారూ?" అనెను. తగ్గించుకొనుమని మేము చెప్పితిమి. అతడు తలవంచుకొని వెళ్లిపోయెను. ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. వినబడనివానికే తగ్గింపును బోధించి, వినబడువారిని పొగడుట న్యాయమా?

తరువాతి సాధన దినమున, పాట నడుమ వాయించుట ఆపుమని అతనితో చెప్పితిమి. అతడు ఆపగానే పాడువారు ఒకరినొకరు చూచుకొనిరి. తాళము తొందరపడెను, స్వరము పలుచబడెను. ఏమి పోయినదో వారు చెప్పలేకపోయిరి గాని, ఏదో పోయినదని అందరికి తెలిసెను.

ఇట్టివి మన చుట్టును అనేకములు కలవు. 1939 జనవరి 6న ప్రతిష్ఠింపబడిన డోర్నకల్ దేవాలయమును చూడబోయినవారు గోపురములను చూచి వత్తురు గాని, పునాదిని చూచి వచ్చినవారెవరు? భూపాలపల్లి బొగ్గుగనులలో పనిచేయు సహోదరులు ఇది మనకంటె బాగుగా ఎరుగుదురు. భూగర్భములో పైకప్పు కూలకుండ కొంత బొగ్గును త్రవ్వక స్తంభములుగా విడిచిపెట్టుదురు. పైకి రాని ఆ బొగ్గును నమ్ముకొనియే మనుష్యులు లోపల పనిచేయుదురు. జనగామ ప్రాంతపు మాణిక్యాపురమునుండి వచ్చిన ఒగ్గుకథకుడు చుక్క సత్తయ్య 2017లో మరణించువరకు గొప్ప పేరు పొందెను. ఆ కథలో డోలు కొట్టువారి పేర్లు మనలో ఎందరికి తెలియును?

గనుక వినబడనిది అవసరము లేనిదని ఎంచకూడదు. అయితే అంతటితో మన పని తీరలేదు. తక్కువవిగా తోచు అవయవములకే ఎక్కువ ఘనత చేయవలెనని అపొస్తలుడైన పౌలు కొరింథీయులకు వ్రాసినప్పుడు, ఓర్చుకొనుడని ఆ అవయవములతో చెప్పలేదు. ఘనపరచు భారమును శరీరమంతటి మీద పెట్టెను. తెల్లవారుజామున మందిరము ఊడ్చు అమ్మను, పండుగనాడు వంటపాత్రలు తోము సహోదరులను మనము ఎన్నడైన పేరుపెట్టి పిలిచితిమా? తగ్గింపు వారు నేర్చుకొనవలసిన పాఠమైతే, గుర్తించుట మనము నేర్చుకొనవలసిన పాఠము. మేము ఆలస్యముగా నేర్చుకొంటిమి.

మొన్నటి ఆదివారము ఆ తల్లి మందిరములోనికి వచ్చి, వాద్యపు శబ్దము వచ్చు పెట్టె ప్రక్కన కూర్చుండెను. కీర్తన మొదలుకాగానే పెట్టెమీద చేయి ఉంచెను. ఆరాధన ముగిసిన తరువాత, "ఇయ్యాల చేతికి తెలిసింది కొడుకా" అనెను. అతడు మరల మమ్మును ఆ ప్రశ్న అడుగలేదు.

ప్రియులారా, వచ్చే ఆదివారము మన సంఘములో వినబడని స్వరము ఎవరిదో కనుగొని, వారి ప్రక్కన కూర్చుందము.