డబుల్ లాక్ ముందు సూపర్‌మాన్

రాత్రంతా మంచు కురిసి బడికి సెలవిచ్చారు. న్యూజెర్సీలో మా అమ్మాయి ఇంట్లో, వంటింటి బల్ల మీద కాగితం పరుచుకుని, పదకొండేళ్ళ మనవడు అమెరికాకి కొత్త ప్రభుత్వం ఏర్పాటు చేస్తున్నాడు. న్యాయశాఖ బాట్‌మాన్‌కి, రక్షణ శాఖ ఐరన్‌మాన్‌కి, ఎదుటివాడి మనసు చదివేస్తాడు కాబట్టి విదేశాంగం ప్రొఫెసర్ ఎక్స్‌కి, ఉత్తరాల బట్వాడా ఫ్లాష్‌కి. తపాలా శాఖ పెద్దకి 1971 దాకా ఇక్కడి మంత్రివర్గంలో కుర్చీ ఉండేది, ఇప్పుడు లేదని చెప్పబోయాను. "నా గవర్నమెంట్‌లో ఉంటుంది తాతయ్యా" అన్నాడు. అధ్యక్షుడెవరో అడగాల్సిన పనిలేదు. కాగితం పైభాగాన పెద్ద ఎస్ అక్షరం వేసి రంగు కూడా దిద్దాడు.

నేను ముప్ఫై ఏళ్ళకి పైగా ట్రెజరీలో పనిచేసి రిటైరైనవాణ్ణి. బిల్లు తీసుకుని టోకెన్ ఇవ్వడం, జీవోలతో పోల్చి చూడడం, సంతకమో ఓచరో తక్కువైతే అభ్యంతరం రాసి వెనక్కి పంపడం. అలాంటివాడికి ఈ మంత్రివర్గాన్ని చూడగానే గొప్ప ఆలోచన ఏదో వస్తుందని ఆశించకండి. బాట్‌మాన్ తన కారు టైర్లకి బిల్లు పెడితే ముసుగు పేరుతో సంతకం చేస్తాడా, అసలు పేరుతోనా? నాకొచ్చింది అదీ.

"సూపర్‌మాన్ అధ్యక్షుడెలా అవుతాడ్రా, పుట్టింది క్రిప్టాన్‌లో కదా?" అని మాత్రం పైకి అడిగాను. ఇక్కడి రాజ్యాంగం ప్రకారం ఆ పదవికి పుట్టుకతోనే పౌరుడై ఉండాలి. వాడు తడుముకోలేదు. 1991లో వచ్చిన ఒక కథలో సుప్రీంకోర్టు ఈ చిక్కు విప్పేసిందట. బిడ్డ వచ్చింది గర్భంలాంటి పెట్టెలో, ఆ పెట్టె తెరుచుకున్నది కాన్సాస్‌లో, కనక పుట్టింది కాన్సాస్‌లోనే. నాకు ఒళ్ళు పులకరించింది. పుట్టుక వివాదాన్ని ఇంత ముచ్చటగా తేల్చిన ఫైలు నా సర్వీసు మొత్తంలో చూడలేదు. ఆ రోజు నుంచి ఊళ్ళో లైబ్రరీ నుంచి వాడు తెచ్చుకునే బొమ్మల పుస్తకాలన్నీ వాడి తర్వాత నేను చదవడం మొదలుపెట్టాను.

చదివితే తెలిసింది, మావాడి ఆట ఆ రచయితలు ఎప్పుడో ఆడేశారు. ఆడిన ప్రతిసారీ వీరుణ్ణి ఆ కుర్చీలో కుదురుగా కూర్చోబెట్టలేకపోయారు. ఐరన్‌మాన్ టోనీ స్టార్క్ నిజంగానే రక్షణ మంత్రి అయ్యాడు. ఐక్యరాజ్య సమితి సభలో తాగినవాడిలా నోరు పారేసుకుని పదవి వదులుకున్నాడు. రేగన్, కార్టర్ తలపడిన 1980లోనే కెప్టెన్ అమెరికాని అధ్యక్ష పదవికి నిలబడమని బతిమాలితే, అక్కడ కూర్చుంటే బేరాలాడాలి, సర్దుకుపోవాలి, అది నా పని కాదని తప్పుకున్నాడు. బాట్‌గర్ల్ బార్బరా గోర్డన్ 1972లో కాంగ్రెస్‌కి పోటీ చేసి గెలిచింది. ఆమె మీద నాకు గౌరవం కలిగింది, ఓట్లడగడానికి ముసుగుతో కాక సొంత ముఖంతో వెళ్ళినందుకు. కథల బయట జరిగింది ఇంకా విచిత్రం. 2016 అక్టోబరులో ఐక్యరాజ్య సమితి వారు వండర్ ఉమన్‌ని స్త్రీల, బాలికల సాధికారతకి గౌరవ రాయబారిగా ప్రకటించారు. అక్కడి ఉద్యోగులే సభలో వీపు తిప్పి నిలబడ్డారు. సుమారు 45 వేల మంది వద్దని సంతకాలు చేశారు. రెండు నెలలు తిరక్కుండానే ఆ పదవి ముగిసింది. ఉద్యోగ సంఘాలతో పెట్టుకుంటే బొమ్మ కూడా నిలవదు.

మరి పద్ధతి ప్రకారం ప్రచారం చేసి, ఓట్లు తెచ్చుకుని శ్వేతసౌధంలో అడుగుపెట్టినవాడు ఎవరయ్యా అంటే లెక్స్ లూథర్, సూపర్‌మాన్ బద్ధశత్రువు. 2000 ఎన్నికల్లో అతన్ని గెలిపించారు రచయితలు. ఇందులో వాళ్ళు వేసిన వెటకారం కన్నా లోతైన సంగతి ఉందనిపించింది. లూథర్ ఎగరలేడు. గోడలోంచి చూడలేడు. కాబట్టి చిన్నప్పటి నుంచీ మనుషుల్ని ఒప్పించడం, కాచుకుని ఉండడం, ఎవరికేం కావాలో లెక్క వేయడం నేర్చుకోక తప్పలేదు. ఎగరగలిగినవాడికి ఆ అవసరమే రాలేదు. లూథర్ మంత్రివర్గంలో విద్యాశాఖ తీసుకున్నవాడు బ్లాక్ లైట్నింగ్, బడిపంతులు, మంచివాడు. పైవాడెవడైతేనేం, లోపల ఉంటే పిల్లలకి కాస్త మేలు చేయొచ్చని చేరాడు. ప్రతి ఆఫీసులోనూ అలాంటి పంతులు ఒకాయన ఉంటాడు. నాకు ఇద్దరు ముగ్గురు తెలుసు.

ఇన్నిటిలో నాకు నిద్ర పట్టనివ్వనిది స్క్వాడ్రన్ సుప్రీమ్ అనే వీరుల జట్టు కథ. 1985లో మొదలై 12 సంచికలుగా వచ్చింది. రాసిన మార్క్ గ్రూన్‌వాల్డ్‌కి అది ఎంత ప్రాణమంటే, ఆయన పోయాక చితాభస్మాన్ని సిరాలో కలిపి ఆ పుస్తకాన్ని అచ్చువేశారు. (మా చేతిలోది ఆ ముద్రణ కాదని తెలిసేదాకా పేజీలు భయం భయంగానే తిప్పాను.) కథలో దేశం చితికిపోయి ఉంటుంది. వీరులు దుర్మార్గులు కారు. ఒక్క ఏడాది పగ్గాలు మాకివ్వండి, ఆకలీ నేరమూ లేకుండా చేసి తిరిగి అప్పజెబుతాం అంటారు. వాళ్ళలోవాడే, అధ్యక్షుడిగా ఉన్న కైల్ రిచ్‌మండ్ ఇది కూడదని తప్పుకుంటాడు. వీరులు మాత్రం అన్నంత పనీ చేస్తారు. తుపాకులు పోతాయి. నేరస్థుల బుద్ధి మార్చే యంత్రం తయారవుతుంది. చదువుతున్న నేను కూడా తలూపాను. అంతలో వాళ్ళ జట్టులోని విలుకాడు గోల్డెన్ ఆర్చర్, తనని పెళ్ళాడనన్న లేడీ లార్క్‌ని అదే యంత్రానికి అప్పగించి తనని ప్రేమించేలా మార్చేస్తాడు.

పుస్తకం మూసి కూర్చున్నాను. ఆ యంత్రం ఉన్న గదికి తాళం ఎవరి దగ్గరుంది? ఎవరికి ఎప్పుడిచ్చారో రాసుకున్న రిజిస్టరేదీ? మా ట్రెజరీలో స్ట్రాంగ్‌రూమ్‌కి రెండు తాళాలుండేవి. ఒక చెవి అధికారి దగ్గర, రెండోది షరాబు దగ్గర. ఇద్దరూ వచ్చి నిలబడితే గాని తలుపు తెరుచుకోదు. డబుల్ లాక్ అంటాం. వాళ్ళలో ఎవరో దొంగని కాదు. దొంగ కానివాడికి కూడా ఒంటరిగా ఆ తలుపు తీసే అవకాశం ఉండకూడదని. సూపర్‌మాన్ అయితే ఆ తలుపుని వేలితో పీకేస్తాడు, లోపల ఒక్క రూపాయి ముట్టుకోడు, నిజమే. కానీ రేపు వచ్చేవాడికి ఆ తలుపు ఉండదు కదా.

తెర మీద రాముడిగా కృష్ణుడిగా చూసి హారతులిచ్చిన మనిషే పార్టీ పెట్టిన తొమ్మిది నెలలకి ముఖ్యమంత్రి కావడం చూసిన తరం మాది. 1983 ఫిబ్రవరిలో ఆయన ప్రభుత్వం నుంచి ఉద్యోగుల పదవీ విరమణ వయసుని 58 నుంచి 55కి తగ్గిస్తూ ఉత్తర్వు వచ్చింది. వ్యవహారం సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది, తర్వాత వయసు మళ్ళీ 58కి పెరిగింది. అప్పుడు నేను కొత్తగా చేరిన కుర్రవాణ్ణి. పెద్దవాళ్ళు బల్లలు సర్దుకుంటుంటే, ఖాళీలొస్తాయి, ప్రమోషన్లొస్తాయి అని లోలోపల సంబరపడ్డవాళ్ళలో నేనూ ఉన్నాను. ఒక్క వేటుకి పని తేలిపోతుంటే, ఆ వేటు మన మెడ మీద పడనంతసేపూ ఎంత హాయిగా ఉంటుందో నాకు తెలుసు.

ఇక్కడ మంత్రిని సెక్రటరీ అంటారు. మన సచివుడు అనే మాటకి దగ్గరగా ఉంది. సచివుడంటే నాకు హనుమంతుడే. అంతటి బలం పెట్టుకుని సుగ్రీవుడి లాంటి బెదురు రాజు దగ్గర కొలువు చేశాడు. భిక్షువు వేషంలో మొదట ఎదురైనప్పుడు రాముడు మెచ్చుకున్నది అతని భుజాల్ని కాదు. వేదాలూ వ్యాకరణమూ చదవనివాడు ఇలా మాట్లాడలేడు, ఇంతసేపట్లో ఒక్క అపశబ్దం దొర్లలేదని లక్ష్మణుడికి చూపించి చెప్పాడు. సముద్రం ఒడ్డున అందరూ దిగులుపడుతుంటే హనుమంతుడు ఓ పక్కన ఊరికే కూర్చున్నాడు, జాంబవంతుడు వచ్చి లేపేదాకా. తన బలం తనకి గుర్తుండకపోవడం మునుల శాపమంటారు. ట్రెజరీవాణ్ణి కాబట్టేమో, నాకది డబుల్ లాక్ లాగే కనిపిస్తుంది. రెండో చెవి జాంబవంతుడి దగ్గరుంది.

ఈ తాళాల సంగతి మావాడికి చెప్పాను. బుద్ధిగా విన్నాడు. "అర్జెంటైతే ఏం చేసేవాళ్ళు తాతయ్యా?" అన్నాడు.

ఏదో చెప్పి దాటేశాను గాని, ఆ రాత్రి ఒకావిడ గుర్తొచ్చింది. అప్పట్లో నేను ఒక చిన్న ఊళ్ళో పనిచేస్తున్నాను. ఆవిడ పెద్దావిడ, ఫ్యామిలీ పెన్షన్. ఏడాదికోసారి బతికే ఉన్నట్టు ధ్రువపత్రం ఇవ్వాలి. మంచాన పడింది, రాలేదని కొడుకు వచ్చి చెప్పాడు. సర్టిఫికెట్ తెమ్మన్నాను. తెచ్చాడు, సంతకం ఉంది, ఆఫీసు ముద్ర లేదు. అభ్యంతరం రాసి తిప్పి పంపాను. సంతకం చేసినాయన సెలవులో వెళ్ళాడు. అలా మూడు నెలలు. చివరికి బకాయిలతో సహా మొత్తం అందింది, ఫైలు ప్రకారం ఆవిడకి ఒక్క రూపాయి నష్టం లేదు. ఆ మూడు నెలలు ఏం తిన్నదో ఫైల్లో ఉండదు. ఆవిడ ఇల్లు మా ఆఫీసు వెనక రెండు వీధుల అవతల. రోజూ టీకి అటే వెళ్ళేవాణ్ణి. వెళ్ళి ఒకసారి కళ్ళతో చూడకూడదని ఏ రూలులోనూ లేదు. దానికి ఫ్లాష్ అంత వేగం కూడా అక్కర్లేదు. మూడోసారి కాగితం పట్టుకుని మెట్లు దిగిపోతూ ఆ కొడుకు ఏ వీరుడు వచ్చి మా ఆఫీసుని కూలగొడితే బాగుండుననుకున్నాడో.

మర్నాడు కూడా సెలవే. బల్ల దగ్గరికి వెళ్తే, కాగితం అడుగున కొత్తగా ట్రెజరీ అని రాసి, ఎదురుగా తాతయ్య అని ఉంది. పక్కన రెండు తాళంచెవుల బొమ్మలు.

"రెండోది ఎవరి దగ్గరుందిరా?"

"ఫ్లాష్‌కిచ్చాను. నువ్వు లేట్ చేస్తే పరిగెత్తుకుంటూ వస్తాడు."

అని, నోటుబుక్కులోంచి చింపిన చిన్న కాగితం ముక్క నా ముందుకి తోశాడు. బాట్‌మాన్, నాలుగు టైర్లు. కింద గబ్బిలం బొమ్మతో సంతకం. ఓచరు లేదు. అటూ ఇటూ తిప్పి చూశాను.

"ఇల్లెక్కడరా ఈయనది, దగ్గరేనా?" అని అడిగాను.